పందొమ్మిదేళ్ళ మొహం

పాతపట్నం,
8 డిసెంబరు 2014.

ఝాన్సీ తల్లీ,

నువ్వు హాస్టల్లో చదువుకునే రోజుల్లో వారం వారం నీకు ఉత్తరం రాసేదాన్ని. ఫోన్లు వచ్చాక ఆ అలవాటు పోయింది. ఇవాళ మళ్ళీ పెన్ను పట్టాను. ఇది ఫోన్లో చెప్పే మాట కాదు. మా ఇంట్లో సిగ్నలు మేడ మీదే దొరుకుతుంది. అక్కడ నిలబడి అరిస్తే గాని నీకు వినబడదు, అరిస్తే బజారంతా వింటుంది.

సిగ్గు విడిచి అడుగుతున్నాను. నువ్వు విజయనగరంలో చర్మం డాక్టరమ్మ దగ్గర పనిచేస్తున్నావు కదా. మొహం మీద ముడతలు పోవాలంటే ఏం రాసుకోవాలి? నవ్వకు. యాభై ఆరేళ్ళ మేనత్తకి ఇప్పుడీ సోకేమిటని నువ్వు అనుకుంటావని తెలుసు. కళ్ళ పక్కన, నోటి చుట్టూ, మెడ మీద ఒకటే గీతలు. ముప్పై ఏళ్ళు మేడ మీద ఎండలో వడియాలు పెట్టాను, అప్పడాలు ఆరబెట్టాను, చింతపండు తిరగేశాను. అప్పుడెవరు చూశారు మొహం సంగతి!

కారణం మీ మావయ్య. ఆయన నన్ను చూడడం లేదమ్మా. నా మొహంలోకి చూసి పక్కకి తిరిగిపోతున్నారు. ఆయన మనసంతా ఒక పడుచుపిల్ల మీద ఉంది. రోజూ ఆ పిల్ల కోసమే అడుగుతున్నారు. ఇంతకంటే రాయలేను. ఖరీదైనవి చెప్పకు, మా కోడలు బిందు కంటపడకుండా కొనుక్కునేవి చెప్పు. ఎవరికీ తెలియనివ్వకు, ముఖ్యంగా మీ నాన్నకి.

మీ ఇంట్లో జామచెట్టు ఈ ఏడాదైనా కాసిందా? అన్నయ్య బీపీ మాత్రలు మానేస్తే నాకు రాయి.

నీ అత్త,
పద్మకుమారి

నెల్లిమర్ల,
15 డిసెంబరు 2014.

అత్తా,

నవ్వలేదు. మొదటి పేజీకి నవ్వు వచ్చిన మాట నిజమే. రెండో పేజీ చదివాక ఆ నవ్వు ఎటు పోయిందో తెలియదు. ఎవరా పిల్ల? మావయ్య అలాంటి మనిషి కాదే! కొట్టులోకి ఆడవాళ్ళొస్తే తలెత్తి చూడకుండా తూకం వేసే మనిషి. ఇంతకాలానికి ఇదేమిటి?

ముందు నువ్వు అడిగింది రాస్తాను. మా డాక్టరమ్మని ఒక పేషెంటు గురించి అన్నట్టు అడిగాను. శనగపిండి నిమ్మరసంతో కలిపి బరబరా రుద్దుతావు కదా, అది మానెయ్యి. మొహం చిన్నపిల్ల ఒళ్ళు కడిగినట్టు మెత్తగా కడగాలి. మందుల షాపులో ఘాటు లేని సబ్బు దొరుకుతుంది. కడిగి, తుడిచీ తుడవనట్టు తుడిచి, తడి ఉండగానే మామూలు మాయిశ్చరైజరు రాసుకో. పెద్ద కంపెనీ సీసాలు అక్కర్లేదు. అందులో ఉండేదీ ఇందులో ఉండేదీ దాదాపు ఒకటే, అట్ట మీద బొమ్మ తేడా.

పొద్దున్న బయటికి వెళ్ళేముందు సన్‌స్క్రీన్ రాయి. అసలు శత్రువు ఎండ అత్తా. మిగతావన్నీ మానేసినా ఇది మానకు. మేడ మీదికి గొడుగు వేసుకుని వెళ్ళు. రాత్రి పూట ముడతలకని ఒక క్రీము ఉంది, చీటీ ఇందులో పెట్టాను. బఠాణీ గింజంత, అంతే. రోజు విడిచి రోజు రాయి. ఎక్కువ రాస్తే ఎక్కువ పనిచేయదు, మండుతుంది.

ఒక నిజం కూడా చెప్పాలి. మూడు నాలుగు నెలలు పడుతుంది. గీతలు కొంచెం మెత్తబడతాయి, చర్మానికి కాస్త కళ వస్తుంది. అంతకంటే ఆశ పెట్టుకోకు. మా క్లినిక్‌లో ఈ మాట చెబితే సగం మంది లేచి వెళ్ళిపోతారు.

జామచెట్టు కాసింది. కోతులు మనకంటే ముందు లేస్తున్నాయి. నాన్నకి చెప్పలేదు. ఆ పిల్ల ఎవరో రాయి.

ఝాన్సీ

పాతపట్నం,
12 జనవరి 2015.

బంగారుతల్లికి,

నువ్వు చెప్పినవన్నీ చేస్తున్నాను. క్రీము చీటీ మందుల షాపులో ఇస్తే ఆ అబ్బాయి, “ఎవరికండీ, కోడలమ్మకా?” అన్నాడు. అవునన్నాను. మేడ మీదికి గొడుగుతో వెళితే పక్కింటి జగ్గమ్మ పిట్టగోడ మీంచి చూసి, “ఒలమ్మో, వడియాలకి గొడుగేటి పద్దమ్మా, వాన్లో పెట్టీసినావా?” అని ఒకటే నవ్వు. నవ్వనీ.

బిందు మాత్రం నవ్వలేదు. అద్దం ముందు నన్ను చూసి తలుపు మెల్లగా వేసేసి వెళ్ళిపోయింది. ఆ తలుపు వేసిన తీరుకి నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ పిల్ల పేరు రాయడానికి చెయ్యి రావడం లేదు. వయసు పందొమ్మిది. సన్నగా, పొడుగు జడతో ఉంటుంది. సాయంత్రమైతే మీ మావయ్య ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వీధి గుమ్మంలో నిలబడతారు. కొట్టులోంచి ఖర్జూరాలో, పటికబెల్లమో జేబులో వేసుకుంటారు. అవి ఆమెకి. నేను దగ్గరికి వెళ్తే గొంతు తగ్గించి, “లోపలికి ఎల్లండమ్మా, ఆ పిల్ల వచ్చినప్పుడు మీరిక్కడుంటే బాగోదు,” అంటారు. నలభై ఏళ్ళకు దగ్గర పడుతున్న కాపురం ఝాన్సీ. నాకిప్పుడు ‘మీరు’ అని గౌరవం దొరికింది.

నాకు ఆ పిల్లని చూస్తే కుళ్ళు. ఆమెని ఇంట్లోంచి పంపడం నా వల్ల కాదు. కనీసం ఆమెలాగా కనబడితే చాలు, ఒక్కసారి నావైపు చూస్తారు.

ఇక్కడ చలి ఎక్కువగా ఉంది. క్రీము రాసిన రోజు బుగ్గలు చురచురమంటున్నాయి. అది మంచికేనా?

పద్మత్త

నెల్లిమర్ల,
19 జనవరి 2015.

అత్తా,

ముందు దానికి జవాబు: చురచురమంటే రెండు రోజులు ఆపి, మాయిశ్చరైజరు రాసి దాని మీద క్రీము రాయి.

ఇంక రెండోది. నేను నీ మాట తప్పాను. నాన్నకి చెప్పేశాను. ఉత్తరం చదివి వంటింట్లో ఏడుస్తుంటే నాన్న చూశారు. అడిగారు, చెప్పాను. పందొమ్మిదేళ్ళ పిల్ల అత్తా! మా చెల్లెలు వరసయ్యే వయసు. ఆ పిల్లకి తల్లీతండ్రీ లేరా? నీ కొడుకు, మోహన్ బావ, కళ్ళు మూసుకుని కొట్టులో కూర్చున్నాడా? నిన్ను ‘అమ్మా’ అని లోపలికి పొమ్మంటుంటే నువ్వు సబ్బులు, క్రీములు కొనుక్కుంటున్నావా?

నాకు నీ మీద కూడా కోపంగా ఉంది. వాళ్ళు తప్పు చేస్తే మొహం మార్చుకోవలసింది నువ్వా?

నాన్న ఆ పూట అన్నం తినలేదు. “నా సెల్లిని అలగ సేస్తాడా ఆడు” అని ఒకటే మాట. రేపు పొద్దున్న బస్సుకి బయల్దేరుతున్నారు. ఆపడానికి చూశాను, వినలేదు. నిజం చెప్పాలంటే గట్టిగా ఆపలేదు. ఈ ఉత్తరం నీకు అందేసరికి నాన్న వచ్చి వెళ్ళిపోతారు కూడా. నీకు ఎవరో ఒకరు ఉన్నారని మావయ్యకి తెలియాలి.

ఝాన్సీ

పాతపట్నం,
29 జనవరి 2015.

ఝాన్సీ,

ఎవరికీ చెప్పొద్దని రాశాను. నువ్వు చెప్పావు. జరిగింది కూడా నువ్వే విను.

మీ నాన్న సంతరోజు వచ్చాడు. కొట్టు నిండా జనం. చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చి, “బావా, ఈ వయసులో నీకిదేం బుద్ధి? ఎవుర్తది? ఎక్కడెట్టినావు దాన్ని?” అని అరిచాడు. బేరం చేసేవాళ్ళు చేతిలో సంచులు అలాగే పట్టుకుని నిలబడిపోయారు. మోహన్ కాటా దగ్గర్నుంచి లేచేలోపు మీ మావయ్య లేచారు. ఎంత సంతోషమో ఆ మొహంలో! మీ నాన్న రెండు చేతులూ పట్టుకుని, “రండి బావగారూ, కూకోండి. ఎండన పడొచ్చినారు. మా ఆడమనిసిని ఎప్పుడు పంపుతారు? పుట్టింటికెల్లి సానా రోజులైపోనాది. పద్మ లేకపోతే ఇల్లు బోసిగున్నాదండీ,” అన్నారు.

నేను లోపలి గుమ్మంలో నిలబడే ఉన్నాను. మీ నాన్న నా వైపు చూశాడు. “పద్మ ఇక్కడే ఉన్నాది కదా బావా,” అన్నాడు. మీ మావయ్య నన్ను కిందినుంచి మీది దాకా చూసి, “ఈవిడా? ఈవిడ మా ఇంట్లో వండిపెడతాదండీ. మంచావిడ. పాపం పెద్దదైపోనాది,” అన్నారు.

మీ నాన్న బియ్యం బస్తా మీద కూలబడిపోయాడు.

ఆ పందొమ్మిదేళ్ళ పిల్లని నేనే ఝాన్సీ. మా పెళ్ళి ఫొటోలో ఉన్నదాన్ని. ఏడాదిగా ఆయనకి జ్ఞాపకం జారిపోతోంది. ముందు తాళాలు, తర్వాత ఖాతాదారుల పేర్లు, తర్వాత మనవడి పేరు. దసరా వెళ్ళాక ఒక పొద్దున్న కాఫీ ఇస్తే, “పద్మని పిలవండమ్మా,” అన్నారు. కొట్టు మనిషికి మతి పోయిందంటే సరుకు వేసేవాడు వేయడు, కొనేవాడు రాడు. అందుకే నేనూ, మోహనూ నోరు నొక్కుకుని ఉన్నాం. ఆ పిల్ల పేరు రాయలేదంటే సిగ్గుతోనే. నా పేరు నేనెలా రాయను?

ఇప్పుడు సంతలో పావలా మిరియాలు కొనేవాడికి కూడా తెలుసు. మోహన్ ఆయన్ని కొట్టులోకి రానివ్వడం లేదు. వెనకగదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వేస్తున్నాడు.

ఇంకేం రాయను.

పద్మకుమారి

నెల్లిమర్ల,
7 ఫిబ్రవరి 2015.

అత్తా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. నాన్న ఇంటికొచ్చి చొక్కా విప్పకుండానే మంచమెక్కారు. ఏం జరిగిందని అడిగితే, “నన్నడక్కమ్మీ,” అని గోడవైపు తిరిగారు. నీ ఉత్తరం వచ్చేదాకా నాకేమీ తెలియదు. నన్ను తిట్టు, పడతాను. కానీ రాయడం మానకు.

విశాఖపట్నంలో ఈ జబ్బు చూసే డాక్టర్లు ఉన్నారు. మా డాక్టరమ్మ ఒకాయన పేరు చెప్పింది, చీటీ పెట్టాను. మోహన్ బావని బతిమాలి అయినా తీసుకెళ్ళు. మందులతో కొంత నిలబడుతుందట.

మొహం సంగతి రాయక తప్పదు. నువ్వు చేస్తున్నవి మంచివే, చేసుకో. కానీ ఏ క్రీమూ మనిషిని ఏడాది వెనక్కి కూడా తీసుకెళ్ళదు, ముప్పై ఏడేళ్ళ వెనక్కి అసలే తీసుకెళ్ళదు. మావయ్యకి పోయింది నీ మొహం కాదు, ఆయన లోపల ఏదో పోయింది. దానికి నీ చర్మాన్ని తప్పుపట్టకు. ఇంకొంచెం గట్టి మందు చెప్పమని అడుగుతావేమో, చెప్పను.

నాకు నుదుటి పైన మొదటి తెల్లవెంట్రుక వచ్చింది. మా ఆయన ప్రదీప్ పీకుతానంటే వద్దన్నాను.

నీ కోడలు,
ఝాన్సీ

పాతపట్నం,
22 మార్చి 2015.

ఝాన్సీ,

ఉగాది వెళ్ళిన మర్నాడు రాస్తున్నాను. కోపం పోయిందనుకో. నిన్ను తిట్టి నేను సంపాదించేదేముంది?

విశాఖపట్నం వెళ్ళొచ్చాం. డాక్టరు పెద్దాయన, ఓపికగా మాట్లాడాడు. కొత్త జ్ఞాపకాలు ముందు పోతాయట, పాతవి ఆఖర్న పోతాయట. మాత్రలు రాశాడు. నేను బయటికి వచ్చేటప్పుడు వెనక్కి వెళ్ళి, “నన్ను గుర్తు పడతారా?” అని అడిగాను. “ఒక్కోసారి పట్టవచ్చు, ఆశ పెట్టుకోకండి,” అన్నాడు. మీరంతా ఒకే బడిలో చదివారేమో.

నువ్వు గట్టి మందు చెప్పనన్నావు. అత్తకి చెప్పి లాభం లేదనుకున్నావు. సరే. పర్లాకిమిడిలో ఒక ఫ్యాన్సీ కొట్టు ఉంది, బిందు గాజులకు వెళ్తే నేనూ వెళ్ళాను. అక్కడామె ఒక ట్యూబు ఇచ్చింది. పల్చగా రోజూ పూసుకోమంది. ఝాన్సీ, వారం తిరిగేసరికి నా మొహం చూడాలి నువ్వు! మెరుపు. మచ్చలన్నీ పోయాయి. జగ్గమ్మ కూడా పిట్టగోడ మీంచి చూసి, “పద్దమ్మా, వయసెనక్కెల్లిపోతందేటే?” అంది.

ఇది విను. నిన్న ఉగాది పొద్దున్న తలంటు పోసుకుని, జుట్టు ఆరబెట్టుకుంటూ పెరటి గుమ్మంలో ఎండకి నిలబడ్డాను. మీ మావయ్య వెనకగదిలోంచి వచ్చారు. ఆగిపోయారు. చాలాసేపు చూశారు. “పద్మా, ఎప్పుడొచ్చినావే?” అన్నారు.

“ఇప్పుడే వచ్చానండీ,” అన్నాను. “అన్నం తిన్నావా? దార్లో ఇబ్బంది పడలేదు కదా?” అన్నారు. వేపపువ్వు పచ్చడి నా చేత్తోనే తిన్నారు. చేదుగా ఉందని మొహం చిట్లించి నవ్వారు. మధ్యాహ్నం నిద్ర లేచేసరికి మళ్ళీ నన్ను ‘అమ్మా’ అన్నారు. అయినా ఒక పూటంతా నేను నా ఇంట్లో ఉన్నాను.

నువ్వు పనిచేయదన్నది పనిచేసింది. ఆ ట్యూబు మరో రెండు తెప్పించుకున్నాను.

పద్మ

నెల్లిమర్ల,
28 మార్చి 2015.

అత్తా, ఇది చదివిన వెంటనే ఆ ట్యూబు మీద ఏం రాసి ఉందో చూసి నాకు ఫోన్ చెయ్యి. మేడ మీద నిలబడి అరిచినా సరే, బజారంతా విన్నా సరే.

వారంలో మెరుపు తెచ్చేవన్నీ దాదాపు ఒకే రకం. అందులో స్టెరాయిడ్ కలుపుతారు. ముందు మెరుస్తుంది, తర్వాత చర్మం ఉల్లిపొరలా పల్చబడుతుంది, ఎర్రబడుతుంది, ఎండ తగిలితే కాలినట్టుంటుంది. అలాంటి మొహాలు మా క్లినిక్‌కి రోజూ వస్తున్నాయి. పెళ్ళిచూపుల కోసం పూసుకున్న పిల్లలు చున్నీ కప్పుకుని వస్తారు. నిన్న వచ్చిన పిల్ల ఏడిస్తే కన్నీళ్ళు తగిలి బుగ్గలు మండుతున్నాయని ఏడుపు ఆపుకుంది.

గట్టి మందు చెప్పనన్నది నీ మీద ప్రేమ లేక కాదు. నువ్వు అలా అర్థం చేసుకున్నావని నాకు తెలియదు. నిన్ను కాపాడాలని రాసిన మాటే నిన్ను ఆ కొట్టుకి పంపిందా?

ఉగాది పొద్దున్న మావయ్య నిన్ను గుర్తు పట్టారు. సంతోషం అత్తా. అది ట్యూబు వల్ల కాదు. అలాంటి పూటలు ఆ జబ్బులో వాటంతట అవే వస్తాయట. ఈ మాట నీ చేతిలోంచి ఏదో లాక్కున్నట్టుంటుందని తెలుసు. అయినా రాస్తున్నాను. నువ్వు రాకపోతే వచ్చే నెల నేనే వస్తాను, మా డాక్టరమ్మకి చూపిద్దాం.

ఝాన్సీ

పాతపట్నం,
4 జూన్ 2015.

ఝాన్సీ తల్లీ,

రెండు నెలలు నీకు జవాబు రాయలేదు. నువ్వు ఫోన్ చేస్తే బిందు చేత బాగున్నానని చెప్పించాను. వస్తానంటే ఇంట్లో సున్నాలు వేయిస్తున్నామని అబద్ధం చెప్పించాను. ఇప్పుడు మొత్తం రాస్తాను.

నీ మాట నమ్మలేదు. నమ్మాలని లేదు. ఇంకోసారి ‘ఎప్పుడొచ్చినావే’ అంటారేమోనని ఇంకాస్త మందంగా పూశాను. ఏప్రిల్ నెల సగమయ్యేసరికి బుగ్గలు ఎర్రబడ్డాయి. ఆపితే మరీ మండింది, మళ్ళీ రాస్తే తగ్గింది. అలా రాస్తూ, ఆపుతూ, రాస్తూ గడిపాను. మే నెల వచ్చేసరికి మొహమంతా వాచి, పొక్కి, పొట్టు లేచిపోయింది. అద్దానికి గుడ్డ కప్పేశాను.

అద్దానికి కప్పాను గాని మీ మావయ్య కళ్ళకి కప్పలేను కదా. నన్ను చూసి భయపడ్డారు ఝాన్సీ. అంతవరకూ వంటావిడననుకునైనా అన్నం తినేవారు. ఆ రోజు కంచం తోసేసి, “ఎవులు నువ్వు? పద్మనేటి సేసినావు?” అని గోడకి ఆనుకుపోయారు. బిందు వచ్చి పెడితే తిన్నారు. నేను ఆ గదిలోకి వెళ్ళడం మానేశాను.

మే నెలాఖర్న, ఎండలకి మనుషులు రాలిపోతున్నారని టీవీలో చెప్పిన వారంలో, ఆయన ఇంట్లోంచి ఎటో వెళ్ళిపోయారు. బిందు పెరట్లో ఉంది. నేను ఆయన కంటపడకూడదని మేడ మీద ఉన్నాను. నేను గదిలో ఉండి ఉంటే వెళ్ళేవారు కాదు. మోహన్ మోటారు సైకిలు మీద ఊరంతా తిరిగాడు. బస్సుల కాంప్లెక్స్‌లో ఎవరో చెప్పారు, ఉతికిన చొక్కా వేసుకుని టెక్కలి బస్సు ఎక్కారని.

మధ్యాహ్నం మీ నాన్నకి ఫోన్ వచ్చిందట, కోటబొమ్మాళిలో మా పుట్టిల్లు కొనుక్కున్న కొండబాబు దగ్గర్నుంచి. “మీ బావగారు మా అరుగు మీద కూకున్నారు. మావగారిని పిలవమంటన్నారు. లోపలికి రమ్మంటే రారు,” అని. టెక్కలిలో దిగి, మళ్ళీ బస్సు ఎక్కి, ఎవర్ని అడిగారో, ఎలా వెళ్ళారో! కట్టుకున్న పెళ్ళాం మొహం గుర్తులేదు గాని అత్తారింటికి దారి గుర్తుంది.

కారు మాట్లాడుకుని మోహనూ, నేనూ వెళ్ళాం. నేను కొంగు మొహం నిండా కప్పుకున్నాను. కొండబాబు తల్లి లక్ష్మణమ్మ ఆయన పక్కన విసనకర్రతో కూర్చుని ఉంది. మంచినీళ్ళు ఇచ్చినా తాగలేదట. పెదాలు ఎండిపోయి, కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. మోహన్‌ని చూసి ఎవరో కారు డ్రైవరనుకున్నారు. మోహన్ కూడా అలాగే, “రండి బాబూ, పాతపట్నం దించీస్తాను,” అన్నాడు.

కార్లో నేను పక్కన కూర్చున్నాను. టెక్కలి దాటాక నావైపు తిరిగి, “మీదే ఊరమ్మా?” అన్నారు.

“కోటబొమ్మాళేనండీ.” అది అబద్ధం కాదు కదా.

“అయితే రంగనాథంగారి సెల్లెలు తెలుసా? పద్మకుమారి?”

“తెలుసండీ.”

“పంపుతామన్నారు, పంపలేదు. ఇప్పుడెల్తే ఆ పేరు గల మనిసే లేదన్నారు. కోపమొచ్చినాదేమో ఆ పిల్లకి. నాను ఏటన్నానో గుర్తు లేదు. కనబడితే సెప్పండమ్మా, నాను వచ్చి సూసి ఎల్లీనానని.”

“సెప్తానండీ,” అన్నాను.

కొంగు కింద కన్నీళ్ళు తగిలి మొహం నిప్పు పెట్టినట్టు మండింది. ఆ పిల్ల ఎవరో ఏడుపు ఆపుకుందని నువ్వు రాశావు. నాకు ఆపుకోవడం చేతకాలేదు.

ఇంటికొచ్చాక ఎండదెబ్బకి ఆయనకి జ్వరం తగిలింది. టెక్కలి ఆస్పత్రిలో ఉంచి తెచ్చాం. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు, మంచం దిగడం లేదు.

నన్ను మీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళు. ఎలా చెబితే అలా వింటాను.

పద్మత్త

నెల్లిమర్ల,
16 ఆగస్టు 2015.

అత్తా,

నిన్ను బస్సెక్కించి వచ్చాక ఇల్లు బోసిగా ఉంది. నువ్వు మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నాన్న నీ ఎదురుగా కూర్చుని నేలవైపు చూస్తూ పేపరు చదివేవారు. నువ్వు వెళ్ళాక, “సెల్లికి నా మీద కోపం పోయినాదంటావా?” అని అడిగారు. పోయిందని చెప్పాను. నిజమో కాదో నువ్వే రాయాలి.

డాక్టరమ్మ చెప్పింది మర్చిపోకు. ఇచ్చిన మాత్రలు అయ్యేదాకా మింగు. మొహానికి సబ్బు కూడా వద్దు, ఉత్త నీళ్ళు. ఆవిడ రాసిన మాయిశ్చరైజరు, పగలు సన్‌స్క్రీన్. ఇంకేమీ లేదు. ముడతల క్రీము ఊసు ఏడాది దాకా ఎత్తకు. మంట తగ్గిపోతుంది. నలుపు మచ్చలు కొన్ని ఉండిపోతాయేమో. ఉండిపోతే ఉండిపోతాయి.

క్లినిక్‌లో నువ్వు అడిగిన ప్రశ్న నా చెవిలోంచి పోవడం లేదు. “ఇది ముందున్నట్టు ఐతే చాలు డాక్టరమ్మా, ఆయన భయపడకుండా అన్నం తింటే చాలు,” అన్నావు. డిసెంబరులో ఇదే మొహం వద్దని నాకు ఉత్తరం రాశావు.

మావయ్య ఎలా ఉన్నారు? గదిలోకి వెళ్ళావా? వెళ్ళు అత్తా.

ఝాన్సీ

పాతపట్నం,
29 నవంబరు 2015.

ఝాన్సీ తల్లికి,

మొహం నెమ్మదించింది. బుగ్గల మీద మచ్చలు మిగిలాయి, గీతలు ముందుకంటే ఎక్కువయ్యాయి. చలికి కాస్త పగులుతోంది. రెండు పూటలా నువ్వు చెప్పినదే రాస్తున్నాను, అయిపోతే నేనే కొనుక్కుంటాను. మందుల షాపు అబ్బాయికి నాకేనని చెప్పాను. మీ నాన్న మీద నాకు కోపం లేదు. దీపావళికి ఫోన్ చేస్తే ఇద్దరం ఏమీ మాట్లాడకుండా పెట్టేశాం. మా వరకు అది చాలు.

గదిలోకి వెళ్తున్నాను. మీ మావయ్య నన్ను చూసి ఇప్పుడు భయపడడం లేదు. నా చేత్తో పెడితే తింటారు, బిందు పెట్టినా తింటారు, జగ్గమ్మ పెట్టినా తింటారు. అందరూ ఒకటే ఆయనకి. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ పిల్ల కోసం అడగడం తగ్గింది. కార్తీకమాసం మొదలయ్యాక అసలు అడగలేదు. సాయంత్రం చొక్కా మార్చమనడం లేదు. గుమ్మం వైపు చూడడం లేదు.

నీకు చెబితే పిచ్చిదాన్నంటావు. ఆమె కోసం అడిగినన్నాళ్ళూ ఒళ్ళు మండేది. ఇప్పుడు అడగకపోతే ఇంట్లో ఎవరో పోయినట్టుంది. డాక్టరు చెప్పాడు కదా, పాతవి ఆఖర్న పోతాయని. ఆఖరుకి వచ్చేశాం కాబోలు.

నిన్న ఉండబట్టలేక నేనే అడిగాను. “పద్మ ఇంకా రాలేదేటండీ?” అన్నాను.

“ఏ పద్మ?” అన్నారు.

మంచం పట్టె మీద కూర్చుని చెప్పాను. కోటబొమ్మాళి రంగనాథంగారి చెల్లెలు, పెళ్ళిచూపుల్లో తల ఎత్తమంటే ఎత్తలేదు, మీరు వెళ్తూ వెళ్తూ గుమ్మంలో చెప్పు తెగినట్టు వంగి మొహం చూశారు, రైల్లో వస్తూ ఆ పిల్ల ఏడిస్తే వేరుశనగకాయలు వలిచి చేతిలో పోశారు, కాపురానికొచ్చిన కొత్తల్లో కాటా తూచడం నేర్పారు అని. పిల్లాడు పుట్టిన వరకూ చెప్పాను. ఆయన కదలకుండా విన్నారు. మధ్యలో ఒకసారి నవ్వారు కూడా. నేను ఆగాక, “మంచి పిల్లలాగున్నాది,” అన్నారు. నావైపు తిరిగి, “తర్వాతేటైనాదమ్మా ఆ పిల్ల?” అని అడిగారు.

“ఇక్కడే ఉన్నాదండీ,” అన్నాను.

“మంచిది,” అని అటు తిరిగి పడుకున్నారు.

పద్మ